పునరాగమన విభాగం

కనకరత్నానికి ఫోను మోగితే ముందు గుండె మోగుతుంది. ఫోనెత్తేలోపు ఆవిడ మనసులో కనీసం ఒక యాక్సిడెంటు, రెండు ఆసుపత్రులు అయిపోతాయి. తీరా ఎత్తితే గ్యాస్ కంపెనీ ఆవిడెవరో "సిలిండరు అందిందాండీ?" అంటుంది. "అందిందమ్మా, నీ గొంతేంటి అలా ఉంది, జొరం గానీ వచ్చిందా?" అని కనకరత్నం ఎదురడుగుతుంది.

ఆవిడ చదివింది ఏడో తరగతి. ఆ చదువంతా ఇప్పుడు వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుకే ఖర్చవుతోంది. దిండు కింద ఫోను పెట్టుకుంటే మనిషి జ్ఞాపకశక్తి ఫోనులోకి దిగిపోతుందని గ్రూపులో వస్తే, ఆ పూటే ఇంట్లో ఫోన్లన్నీ బియ్యం డబ్బాలోకి చేరాయి. టీవీ కట్టేశాక కూడా మన మాటలు వింటుందని వస్తే, టీవీ మీద దుప్పటి పడింది. వార్తలొచ్చే వేళకి దుప్పటి తీసి, "ఇంతసేపూ ఏమన్నా విన్నావా?" అన్నట్టు దానికేసి అనుమానంగా చూసేది. ఇక ఏఐ అన్న మాట ఎవరి నోట విన్నా, తననే ఎవరో "ఏయ్" అని అదిలించినట్టుండేది.

భర్త వీర్రాజుకి మెయిన్ రోడ్డు మీద మోటార్లు రివైండింగు చేసే షాపుంది. రోజంతా ఆ హోరులో ఉంటాడు కాబట్టి ఇంటికొచ్చాక ఆయనకి సగం మాటలు వినపడవు. ఇరవయ్యేళ్ల కాపురం నిక్షేపంలా సాగడానికి అదే కారణమని వీధిలో అనుకుంటారు.

వాళ్లకి ఒక్కతే కూతురు, హైమవతి. పక్క ఊరి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. పై శుక్రవారం సర్టిఫికెట్ల పరిశీలన. పుట్టినరోజు సర్టిఫికెట్ తీసి చూస్తే అందులో పిల్ల పేరు హైమపతి అని ఉంది. తలకట్టు అక్షరానికి అతుక్కుంటే 'వ', కాస్త ఎడంగా పడితే 'ప'. పదిహేడేళ్ల కిందట మునిసిపాలిటీలో ఎవరో ఆ తలకట్టుని ఎడంగా పడేశారు.

"హైమపతి అంటే మగపిల్లాడనుకుంటారే!" అంది కనకరత్నం. "తీసుకెళ్లి అబ్బాయిల హాస్టల్లో పడేస్తారు. లేదంటే మగాడి పేరుతో ఆడపిల్లొచ్చిందని కేసు పెడతారు."

"అమ్మా, నన్ను చూస్తే తెలీదేంటి?"

"గవర్నమెంటు వాళ్లు మనిషిని చూస్తారా? కాగితాన్ని చూస్తారు."

"మీ అమ్మ చెప్పింది నిజమే," అన్నాడు వీర్రాజు అన్నంలోంచి తలెత్తి. ఆ మాటొక్కటే ఆయనకి వినపడింది.

సరిగ్గా ఆ సోమవారమే గోపవరప్పేట మునిసిపాలిటీలో 'పౌరవాణి' మొదలైంది. బీరువా అంత ఎత్తున తెల్లటి యంత్రం. దాని నుదుటి మీద బొట్టంత ఎర్ర దీపం. కాగితం, కలం, గుమాస్తా అవసరం లేకుండా మనం నోటితో చెబితే వినేసి పని చేసేస్తుందట. కమిషనర్ అనంతపద్మనాభం గారు రిబ్బను కత్తిరించి, "నేటి నుండి మన పురపాలక సంఘం పౌరుని ప్రతి పలుకునూ శిరసావహిస్తుంది. పౌరుడు గేటులో అడుగుపెట్టిన క్షణం నుండి గేటు దాటే క్షణం వరకు అతడి నోట వెలువడే ఏ మాటా వృథా పోదు," అని ప్రసంగించారు.

ఆ చివరి వాక్యానికి కనకరత్నం ఒక్కతే భయపడింది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని యంత్రం ముందు నిలబడి, హైమపతిని హైమవతి చెయ్యమని దేవుడికి మొక్కుకున్నట్టు చెప్పుకుంది. "మీ దరఖాస్తు స్వీకరించడమైనది," అంది పౌరవాణి తియ్యగా. ఇంత మర్యాదగా ఆ ఆఫీసులో ఆవిడతో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. కరిగిపోయి, "మరి వస్తానమ్మా," అంది.

"చాలా సంతోషం," అంది పౌరవాణి.

ఇల్లు చేరేసరికి ఫోనులో సందేశం పడింది. హైమ చదివి వినిపించింది. "గౌరవనీయ పౌరురాలా! మీరు 'వస్తాను' అని ఇచ్చిన మౌఖిక హామీ నమోదైనది. తేదీ పేర్కొననందున రేపు ఉదయం పదిన్నర గంటలుగా నిర్ధారించడమైనది. హామీ నెరవేరువరకు మీ దరఖాస్తు నిలుపుదల చేయబడును."

"నేనేం హామీ ఇచ్చానే?" అంది కనకరత్నం గోడ పట్టుకుని. "జామీను సంతకం గానీ పెట్టించేసుకుందా నా చేత?"

మర్నాడు పదింటికే వెళ్లారు. ఆవరణలో తిరునాళ్లలా ఉంది జనం. ఇంటిపన్ను వాళ్లు, కొళాయి వాళ్లు, కుక్కల బెడద మీద ఫిర్యాదు ఇచ్చినవాళ్లు, నిన్న వచ్చినవాళ్లందరూ మళ్లీ వచ్చారు. అందరి చేతుల్లోనూ అదే సందేశం. సీనియర్ అసిస్టెంటు భీమశంకరం గారు బల్ల వేసుకుని ఒక్కొక్కరికీ టిక్కు పెడుతున్నారు.

"కె. కనకరత్నం. వస్తానన్నారు, వచ్చారు. సంతోషం," అన్నారాయన.

"ఎందుకు రమ్మన్నారండీ?"

"మేం రమ్మనలేదమ్మా. మీరే వస్తానన్నారు."

"అయ్యో, వస్తానంటే వస్తానని కాదండీ. వెళ్తానని."

"వెళ్తానని చెప్పాలనుకుంటే వెళ్తాననాలి గదమ్మా."

"అలా ఎలా అంటారండీ, పచ్చగా ఉన్న ఆఫీసులో!"

భీమశంకరం గారు కలం ఆపారు. ఆయన కూడా గోపవరప్పేటలోనే పుట్టారు. ఆయన భార్య కూడా, ఆయన కూరగాయలకి బయల్దేరుతూ పొరపాటున "వెళ్తున్నా" అంటే వెనక్కి పిలిచి, కాసిని మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, మళ్లీ సరిగ్గా చెప్పించి పంపుతుంది. అయినా ఆయన గొంతు సవరించుకుని, "యంత్రానికి పచ్చా ఎరుపూ ఉండవమ్మా. వచ్చు ధాతువు వినపడితే వచ్చినట్టే నమోదు చేసుకుంటుంది," అన్నారు.

"వినాయకుణ్ణి నిమజ్జనానికి పంపేటప్పుడు కూడా మళ్లీ రావయ్యా అనే కదండీ పంపిస్తాం? ఆయన మర్నాడు పదిన్నరకి వచ్చేస్తున్నాడా?"

"ఆయన మన వార్డు పరిధిలోకి రాడమ్మా. మీ హామీ నెరవేరింది, దరఖాస్తు ఇహ కదులుతుంది. మీరు..." అని, వెళ్లండి అనలేక, "మీరు క్షేమంగా ఇల్లు చేరండి," అన్నారు.

"మంచిదండీ, వెళ్లొస్తాను," అంది కనకరత్నం చేతులు జోడించి.

అన్నాక నాలిక్కరుచుకుంది. హైమ నుదురు కొట్టుకుంది. ఎర్ర దీపం మిణుకుమంది. ఈసారి సందేశం మెట్లు దిగకముందే వచ్చింది. "మీరు వెళ్లి, రాగలరని నమోదైనది. రేపు ఉదయం పదిన్నర."

బుధవారం కూడా అంతే. ఆ పూట ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. తీరా గేటు దగ్గర ఎదురింటి రామసీత కనపడి "ఏం వదినా, అప్పుడే పని అయిపోయిందా?" అంటే, "ఆ, వస్తా వదినా," అనేసింది. ఆ నోటికి నలభై అయిదేళ్ల అలవాటు. చెంగు దాన్ని ఎంతసేపని ఆపుతుంది?

శనివారానికి ఆవరణ నిండి, జనం రోడ్డు మీదికొచ్చారు. వస్తానని రానివాళ్లకి 'హామీ భంగం' తాఖీదులు వెళ్లాయి. వెంకన్న మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్లిన కుటుంబం కొండ మీద తాఖీదు చూసుకుని, గుండు చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్లు అందరూ కలిసి తిరుగు బండెక్కేశారు. భీమశంకరం గారు శనివారం సాయంత్రం బల్ల సర్దుకుంటూ అలవాటుగా "వస్తానర్రా" అన్నారు. పాపం, ఆదివారం పదిన్నరకి ఖాళీ ఆఫీసులో ఒంటరిగా కూర్చుని తన పేరుకి తనే టిక్కు పెట్టుకున్నారు.

కానీ కమిషనర్ గారి గదిలో మాత్రం గోడ మీద గ్రాఫు గీతలు పైకెళుతున్నాయి. రోజుకి అరవై మంది వచ్చే ఆఫీసుకి ఇప్పుడు రెండు వేల మంది వస్తున్నారు. పై నుంచి ప్రశంసాపత్రం దిగింది. "పౌరులు తిరిగి తిరిగి వచ్చే కార్యాలయం" అని ఆవరణ గోడ మీద బంగారు అక్షరాలతో రాయించారు.

"ప్రజలకీ పాలనకీ మధ్య గోడలు కూలాయి," అన్నారు కమిషనర్ గారు విలేకర్ల ముందు. "పౌరుడు ఒకసారి వచ్చి తృప్తి పడటం లేదు. మళ్లీ మళ్లీ రావాలని ఉవ్విళ్లూరుతున్నాడు. వారి సౌకర్యార్థం ప్రత్యేకంగా పునరాగమన విభాగం నెలకొల్పుతున్నాం. శ్రీ భీమశంకరం దానికి బాధ్యులు."

సైకిల్ స్టాండు తీసేసి అక్కడ రేకుల షెడ్డు వేశారు. బెంచీలు వచ్చాయి. మజ్జిగ వచ్చింది. వరసగా అయిదు రోజులు వచ్చినవాళ్లకి 'ఉత్తమ పునరాగత పౌరుడు' అని బ్యాడ్జీ ఇచ్చారు. కనకరత్నానికి కూడా ఒకటి పెట్టబోతే, "పిన్నీసు తుప్పు పట్టిందేమో చూడండి బాబూ, ధనుర్వాతం వస్తుంది," అని వెనక్కి జరిగింది.

ఈలోగా హైమ దరఖాస్తు ఉన్నచోటే ఉంది. ప్రతి ఉదయం హామీ నెరవేరడం, ప్రతి మధ్యాహ్నం కొత్త హామీ పుట్టడం. దస్త్రానికి కదలడానికి మధ్యలో ఓ గంట కూడా దొరకడం లేదు.

"అమ్మా, ఇంక నాలుగు రోజులే ఉంది. నన్ను ఒక్కదాన్నే పంపు. నేను వెళ్తున్నానని చెప్పేసి వచ్చేస్తాను," అంది హైమ సోమవారం నాడు.

కనకరత్నం కూతురి నోరు గట్టిగా మూసింది. "అనకే ఆ మాట! రోడ్డు మీద లారీలు, తీగలు, కుక్కలు... ఆ మాట అని గడప దాటితే ఇంకేమన్నా ఉందా!"

"సీటు పోతే?"

"సీటు పోతే ఇంకో ఏడాది వస్తుంది. నువ్వు..." అని ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. పిల్ల కంప్యూటర్ల కోర్సు కోసం ఏడాదిపాటు బట్టీ పట్టి, కళ్లద్దాలు తెచ్చుకుని, జుట్టు రాలగొట్టుకుని సంపాదించిన సీటు అది. పోగొట్టిందని జన్మంతా తనని తిట్టుకుంటుంది. తిట్టకపోతే మరీ భయం. లోపల్లోపల కుమిలిపోతుందేమో.

మంగళవారం మజ్జిగ చాలలేదు. షెడ్డులో తోపులాట అయింది. అప్పుడు కమిషనర్ గారు 'నిష్క్రమణ వాక్య ఉత్తర్వు' జారీ చేశారు. గేటుకి అడ్డంగా ఇనప కడ్డీ బిగించారు. దాని పక్కన పౌరవాణికి చెల్లెల్లాంటి చిన్న పెట్టె పెట్టారు. పైన బోర్డు.

"బయటకు పోవు పౌరులు ఈ క్రింది వాక్యములలో ఒకదానిని స్పష్టముగా ఉచ్చరించవలెను. ఒకటి, నేను వెళ్లుచున్నాను. రెండు, నేను పోవుచున్నాను. వచ్చు ధాతువునకు సంబంధించిన ఏ రూపమునూ వాడరాదు. వాక్యము ఉచ్చరించిన పిమ్మట సందర్శన ముగిసినట్లు పరిగణించి దరఖాస్తును పరిష్కరించెదరు."

బోర్డు చదివి షెడ్డు మొత్తం చల్లబడింది. రెండు వందల మంది కడ్డీ దగ్గర నిలబడ్డారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మాట్లాడకుండా కిందనుంచి దూరబోయిన ఒకాయన్ని పెట్టె పట్టేసింది. "వాక్యము వినపడలేదు," అంది. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"తప్పుకోండి, తప్పుకోండి," అంటూ ఎనభై రెండేళ్ల నూకరాజు తాత ముందుకొచ్చాడు. కొళాయి కనెక్షను కోసం పదకొండేళ్లుగా ఆ ఆఫీసుకి తిరుగుతున్న మనిషి. "నాకేటి భయం? ఇక్కడే ఉంటే మజ్జిగ తాగి తాగి ఎలాగూ అటే. ఒరేయ్ డబ్బా, పోతున్నానురా!"

కడ్డీ లేచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తాత గేటు దాటి పది అడుగులు వేశాడో లేదో, ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. అక్షరాలు కనపడక వెనక్కొచ్చి, కడ్డీ మీంచి కనకరత్నం చేతికిచ్చాడు. హైమ చదివింది.

"శ్రీ నూకరాజు గారి కుటుంబ సభ్యులకు పురపాలక సంఘం ప్రగాఢ సానుభూతి. వారు పోయినట్లు వారి స్వరంలోనే ధ్రువీకరించబడినది. మరణ ధ్రువీకరణ పత్రం సిద్ధముగా ఉన్నది."

కనకరత్నం అక్కడే చతికిలపడింది. "చెప్పానా! చెప్పానా నేను!" అంది. జీవితంలో మొదటిసారి తను భయపడింది భయపడినట్టే జరిగింది. అంత దుఃఖంలోనూ కాస్త తృప్తిగా అనిపించింది.

తాత మాత్రం ఫోను లాక్కుని, "కొళాయికి పదకొండేళ్లు, చావు కాయితానికి అర నిమిషమా!" అంటూ కడ్డీ దాటుకుని గిర్రున కమిషనర్ గారి గదిలోకి దూరాడు.

"యంత్రంలో దోషం లేదు," అన్నారు కమిషనర్ గారు ఫైలు చూస్తూ. "పోవుట అనగా మరణించుట అని మన నిఘంటువులోనే ఉంది. మీరు బతికున్నట్టు పౌరవాణికి మీ నోటితో విన్నవించుకోండి, రద్దు చేస్తుంది."

తాత పౌరవాణి ముందు నిలబడి, "బతికే ఉన్నానే!" అని అరిచాడు.

"పోయిన పౌరుని స్వరము. నేపథ్య శబ్దంగా పరిగణించడమైనది," అంది పౌరవాణి.

"అంటే?"

"అంటే తాతా, ఫ్యాను చప్పుడూ నీ మాటా దానికి ఒకటే," అంది హైమ.

తాత మొహం విప్పారింది. "అయితే నేనేవన్నా రాసుకోదన్నమాట!" అని కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చుని, పదకొండేళ్లుగా దాచుకున్నవన్నీ మొదలుపెట్టాడు. భీమశంకరం గారు హైమ చెవులు మూయించి పక్క గదిలోకి పంపారు. తను మాత్రం అక్కడే ఉండి ఆసాంతం విన్నారు.

ఆ రాత్రి పెట్టె కట్టేశాక జనం ఊరికే బయటపడ్డారు గానీ, వాక్యం అననివాళ్ల దరఖాస్తులు ఉన్నచోటే ఉండిపోయాయి. బుధవారానికి బోర్డు మీద రెండో వాక్యం కొట్టేశారు. మొదటిది ఒక్కటే మిగిలింది. 'నేను వెళ్లుచున్నాను.' దానివల్ల ఏ ప్రమాదమూ లేదని కమిషనర్ గారు మైకులో చెప్పించారు. ఆ మాట మైకులో చెప్పారంటేనే ఏదో ఉందని కనకరత్నానికి అర్థమైంది. "వెళ్లిపోయారంటే మాత్రం ఏంటండీ? అదే కదా!" అంది భీమశంకరం గారితో. ఆ సాయంత్రం ఆయన కూడా కడ్డీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఎలా బయటపడ్డారో ఎవరికీ తెలీదు. వెనక గోడ మీద చెప్పు ఒకటి దొరికిందని మాత్రం చెప్పుకున్నారు.

గురువారం వచ్చింది. తెల్లారితే పరిశీలన. మధ్యాహ్నం మూడు దాటింది. కనకరత్నం కడ్డీ ముందు నిలబడి అరగంట అయింది. వెనక జనం, పక్కన కూతురు.

"అమ్మా, ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట. నేను అననా?"

"నువ్వు నోరెత్తావంటే చూడు. నేనే అంటాను. అయితే గియితే నాకే అవనీ." ఆవిడ కళ్లు మూసుకుంది. ఇంటి దేవుణ్ణి, పుట్టింటి దేవతని, ఎందుకైనా మంచిదని రామసీత వాళ్ల ఇంటి దేవుణ్ణి కూడా తలుచుకుంది. "నేను... వె... వెళ్..."

జనం ఊపిరి బిగబట్టారు.

"వెళ్లు..." దాని పక్కనే నాలిక మీద 'వస్తాను' సిద్ధంగా కూర్చునుంది. పళ్లు బిగించి ఆపింది. ఆ మాట రాదు, ఈ మాట రాకూడదు. మనిషి అడుగు బయట పెట్టాలి. ఏమనాలి? కొత్త కాపురంలో అమ్మకి ఉత్తరం రాసినప్పుడల్లా కింద ఏమని ముగించేది?

"ఇక సెలవమ్మా," అంది కనకరత్నం. "సెలవిప్పించు."

కడ్డీ లేవలేదు. పెట్టె మీద దీపం ఎరుపు నుంచి పసుపుకి మారింది.

"సెలవు కోరుతున్నారా?"

"ఆయ్. సెలవే."

"సెలవు కోరు అర్హత ఈ కార్యాలయ ఉద్యోగులకు మాత్రమే కలదు. మీరు సెలవు కోరుతున్నారు. కావున మీరు ఉద్యోగి. ఉద్యోగుల జాబితాలో మీ పేరు లేనందుకు చింతిస్తూ, ఇప్పుడే చేర్చడమైనది. ఎట్టి సెలవు కావలెను?"

"మామూలు సెలవే తల్లీ."

"సాధారణ సెలవు. కారణం?"

"రేపు మా పిల్లని కాలేజీకి తీసుకెళ్లాలి."

"సమంజసం. అయితే సెలవుపై వెళ్లు ఉద్యోగి పేరున పెండింగు దస్త్రములు ఉండరాదు. మీ పేరున ఒక దస్త్రం కలదు. హైమపతి పేరును హైమవతిగా సవరించుట. పది దినములుగా మీరు దీనిని ఎందుకు పెండింగులో పెట్టినారు?"

"నేనా?" అంది కనకరత్నం. "నేను పెట్టలేదు తల్లీ, ఒట్టు!"

"అయితే ఆమోదించుచున్నారా?"

షెడ్డులోంచి భీమశంకరం గారు టిక్కుల పుస్తకం గాల్లో ఊపుకుంటూ పరిగెత్తుకొస్తున్నారు. "అమ్మా! ఏమీ అనకండి! నోరు మెదపకండి!"

అంత పెద్దాయన అలా అరుస్తూ మీదికొస్తుంటే కనకరత్నం హడలిపోయింది. హడలినప్పుడు గోపవరప్పేటలో ఎవరి నోటైనా వచ్చే మాట ఒకటే.

"ఆయ్!" అంది.

"ఆమోదించబడినది," అంది పెట్టె.

కింది సందులోంచి కాగితం బయటికొచ్చింది. అప్పడంలా వేడిగా ఉంది. హైమ లాక్కుని చూసింది. తలకట్టు అక్షరానికి అంటుకుని, 'వ' నిండుగా ఉంది.

కమిషనర్ గారు అప్పటికే కళ్లజోడు లేకుండా దిగొచ్చేశారు. "ఈవిడ ఉద్యోగి కాదు! రద్దు చెయ్యి!"

"ఉద్యోగి కానివారికి సెలవు మంజూరు చేయుట తీవ్రమైన నేరం," అంది పెట్టె. "అట్టి నేరం ఈ కార్యాలయంలో జరిగినట్లు నివేదిక పంపమంటారా?"

"పంపితే ఎవరికి వెళ్తుంది?"

"ప్రశంసాపత్రం ఇచ్చినవారికి."

కమిషనర్ గారు గోడకున్న బంగారు అక్షరాలకేసి చూశారు. షెడ్డుకేసి చూశారు. భీమశంకరం గారికేసి చూస్తే, ఆయన ఆకాశంకేసి చూస్తున్నారు. పౌరవాణి ఎదురుగా నూకరాజు తాత ఇంకా తిడుతూనే ఉన్నాడు.

"కనకరత్నం గారూ," అన్నారు కమిషనర్ గారు చివరికి. "మీ సెలవు మంజూరైంది. కానీ ఇకమీదట సెలవు కావాలంటే ఒకరోజు ముందుగా చెప్పండి. ఇలా ఆఖరి నిమిషంలో అడిగితే పనులు కుంటుపడతాయి."

"అలాగేనండి, తప్పయిపోయింది," అంది కనకరత్నం. కడ్డీ లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంతోషం ఒక్క గంటే నిలిచింది. హైమ కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తూ, "అమ్మా, ఇక్కడ చూడు," అంది. కింద సన్నటి అక్షరాలతో, 'సవరణ ఆమోదించిన అధికారి: శ్రీమతి కె. కనకరత్నం' అని అచ్చయి ఉంది.

"ఏవండీ, నన్ను జైల్లో పెడతారు," అంది కనకరత్నం.

"మంచిదే, అందరూ కలిసి వెళ్లి రండి," అన్నాడు వీర్రాజు.

శుక్రవారం పాలిటెక్నిక్ హాల్లో వరసగా బల్లలు. హైమ పేరు పిలిచారు. కనకరత్నం సంచిలో కూతురి కాగితాలతో పాటు తన మందులు, ఒక దుప్పటి, పళ్లపొడి కూడా పెట్టుకుని వచ్చింది. జైల్లో ఏమిస్తారో ఏమివ్వరో.

బల్ల వెనక అధికారి కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని ఒక్కో కాగితం చూస్తున్నాడు. పదో తరగతి, సరే. నివాసం, సరే. పుట్టిన తేదీ దగ్గర వేలు ఆగింది.

"తల్లి పేరు కనకరత్నం. ఆమోదించిన అధికారి కనకరత్నం." తలెత్తాడు. "ఎవరమ్మా ఈవిడ?"

హైమ తల్లివైపు చూపించింది. "మా అమ్మేనండి."

కనకరత్నం రెండు చేతులూ ముందుకు చాపింది, బేడీలు వేసుకోండి అన్నట్టు.

అధికారి కుర్చీ వెనక్కి తోసుకుని లేచి నిలబడ్డాడు. ఆ చేతుల్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "మేడమ్ గారా! మీరే స్వయంగా వచ్చారా? ముందే ఒక్క మాట చెప్పించాలి కదండీ, ఇంతసేపు వరసలో నిలబడటం ఏమిటి! ఒరేయ్, కుర్చీ! మేడమ్ గారికి మంచినీళ్లు!"

కనకరత్నం కూర్చుంది. నీళ్ల గ్లాసులో ఏం కలిపారోనని ఓసారి చూసి, తాగలేదు.

"నేను కూడా మీ గోపవరప్పేటేనండి," అన్నాడాయన గొంతు తగ్గించి, సొరుగులోంచి మడతలు పడిన కాగితమొకటి తీస్తూ. "మార్కెట్టు వెనక వీధి. మా గుమ్మం ముందు మురిక్కాలవ రెండేళ్లుగా పూడిపోయి ఉందండి. ఎన్ని అర్జీలు పెట్టినా దిక్కు లేదు. దేవుడిలా మీరే దొరికారు. ఇది కాస్త మీ చేతులమీదుగా..."

కనకరత్నం ఆ కాగితం వైపు చూసింది. తను ఉద్యోగిని కాదని చెబితే సీటు పోతుంది. అవునని చెబితే అబద్ధం, కళ్లు పోతాయి. అబద్ధం కాకుండా, సీటు పోకుండా ఏం చెప్పాలి? వెతగ్గా వెతగ్గా ఒక నిజం దొరికింది. నెమ్మదిగా, మొహమాటంగా అంది.

"నేనివాళ సెలవులో ఉన్నానండి."

"అయ్యయ్యో, అలాగా!" అని అధికారి లెంపలేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన కూడా ఏ సెలవురోజునా ఎవరి కాగితమూ ముట్టుకోలేదు. అర్జీని గౌరవంగా మడిచి సొరుగులో పెట్టేసుకుని, హైమవతి సర్టిఫికెట్ మీద ముద్ర ఎత్తి ధనాలున వేశాడు.